1971–74 పాటలతో ఇంట్లో ఒక సాయంత్రం: పెద్దవాళ్లకు పాత పాటలు వినిపించడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఇది 'వంద పాత మధురాలు' జాబితా కాదు. అలాంటివి ఫోన్లో కావలసినన్ని దొరుకుతాయి. వాటిలో ఒకటి ఆన్ చేసి ఇంట్లో పెద్దవాళ్ల పక్కన ఫోన్ పెట్టేస్తే ఏమవుతుందో మీకూ తెలుసు, మూడో పాటకల్లా తాత కునుకు తీస్తుంటాడు, అవ్వ పక్కింటావిడతో మాట్లాడుతుంటుంది, మనం మన పనిలో పడిపోతాం. పాటల్లో లోపమేం లేదు. వాళ్లు ఆ పాటల్ని అట్లా వినలేదు, అదీ సంగతి. 1972లో తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ పాట అంటే అడగ్గానే వచ్చేది కాదు, రేడియోవాళ్లు వేసినప్పుడే వినాలి, లేదా జాతరలో మైకు సెట్టు ఆయన దయతలచాలి, అదీ కాదంటే మళ్లీ టికెట్ కొనుక్కుని హాల్లోకి పోవాలి. అందుకే ఆ కాలంవాళ్లకి ప్రతి పాటతో పాటు ఒక చోటు, ఒక మనిషి, ఒక వేళ గుర్తుంటాయి. మీరు చెయ్యాల్సింది ఆ చోటు ఏదో ముందు కనుక్కోవడం. పాట తర్వాత.

ఎవర్ని కూర్చోబెట్టాలి, ఏం అడగాలి

1972 నాటికి పద్నాలుగు, పాతికేళ్ల మధ్య ఉన్నవాళ్లు సరిగ్గా సరిపోతారు, అంటే 1947 నుంచి 58 లోపు పుట్టినవాళ్లు. ఇద్దరు ముగ్గురు చాలు. పదిమంది చేరితే అది పెళ్లి భోజనాల కబుర్లలోకి దిగిపోతుంది, పాట ఎవరూ వినరు. ఒకరు తిరుపతిలో పెరిగినవాళ్లు, ఇంకొకరు పుత్తూరు, నగరి వైపువాళ్లు అయితే మరీ మంచిది. ఎందుకో కింద చెప్తా.

"నీకు ఏ పాటంటే ఇష్టం తాతా?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకి అందరూ చెప్పే జవాబు ఒకటే, "ఘంటసాల పాటలన్నీ బాగుంటాయి నాయనా." అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు ఇవి అడగండి: మీ వీధిలో రేడియో మొదట ఎవరింట్లో వచ్చింది? సాయంత్రం ఏ స్టేషన్ పెట్టేవాళ్లు? గంగమ్మ జాతరప్పుడు మైకు ఎక్కడ కట్టేవాళ్లు? సినిమాకి డబ్బులు ఎవరిచ్చారు, ఎవరికి తెలీకుండా పోయారు? ఇంట్లో రేడియోకి లైసెన్సు ఉండేదా? (అప్పట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి, ఏటా రెన్యూ చేయించుకోవాలి. ఇది చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు, పెద్దాయన్నే చెప్పనివ్వండి.) ఈ మాటలు పాటల రోజుకి రెండు రోజులు ముందే, మామూలుగా కాఫీ తాగుతూ అడిగి పెట్టుకోండి. ఒక చిన్న కాగితం మీద రాసుకుంటే చాలు. పాటలు ఎంచుకోవడానికి ఆ కాగితమే ఆధారం.

రేడియో విషయంలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఒక చిత్రమైన చోట ఉంది. ఆకాశవాణి కడప కేంద్రం 1963లో వచ్చింది, ఇటు మద్రాసు కేంద్రం ఉండనే ఉంది. వీటికి తోడు శ్రీలంక నుంచి వినిపించే రేడియో సిలోన్. తెలుగు పాటలకి సిలోన్ పెట్టుకున్నవాళ్లు ఎంతమందో, బుధవారం రాత్రి ఎనిమిదికి అమీన్ సయానీ నడిపే హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా కోసం అదే సిలోన్ పట్టుకుని కూర్చున్న కాలేజీ కుర్రాళ్లూ అంతమంది కనిపిస్తారు, హిందీ ముక్క రాకపోయినా సరే. కాబట్టి "తెలుగు పాటల సాయంత్రం" అని గిరి గీసుకోకండి.

పాటలు ఎంచుకోవడం

పన్నెండుకు మించొద్దు. ఎనిమిదైనా ఎక్కువే. ఒక్కో పాట నాలుగు నిమిషాలు, దాని వెనక మాటలు పావుగంట, అట్లా లెక్కేసుకోండి.

మొదటి పాట ఆ సంవత్సరాల్లో మూలమూలనా మోగింది అయ్యుండాలి, ఎవరూ "ఇది నేను వినలేదే" అనకూడదు. 1971 సంక్రాంతికి వచ్చిన దసరా బుల్లోడులో 'పచ్చగడ్డి కోసేటి' పెట్టండి. ఘంటసాల, సుశీల పాడింది, సంగీతం కె.వి. మహదేవన్. పల్లవి దాటకముందే ఎవరో ఒకరు చప్పట్లతో తాళం వేస్తారు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రేమ్ నగర్ వచ్చింది, అందులో ఆత్రేయ రాసినవాటిలోంచి ఒకటి తీసుకోండి, కానీ 'మనసు గతి ఇంతే' మొదట్లోనే పెట్టొద్దు. దాన్ని మధ్యలో, కాస్త మాటలు ముదిరాక పెట్టాలి. మొదట పెడితే ఆ తర్వాత వాతావరణం తేలిక పడటానికి గంట పడుతుంది.

మన జిల్లాకే ప్రత్యేకంగా పనికొచ్చే కిటుకు ఒకటుంది. ప్రేమ్ నగర్‌నే మరుసటి ఏడాది, 1972లో, వసంత మాళిగై అని తమిళంలో తీశారు. దర్శకుడు ఆయనే, కె.ఎస్. ప్రకాశరావు. సంగీతమూ మహదేవనే. ఇక్కడ నాగేశ్వరరావు, అక్కడ శివాజీ గణేశన్. ఇక్కడ ఘంటసాల, అక్కడ టి.ఎం. సౌందరరాజన్. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు మనుషులు రెండూ చూసుంటారు. తెలుగు పాట ఒకటి, తమిళ పాట ఒకటి వరసగా వినిపించి ఏది బాగుందని అడగండి, ఇక మీరు నోరు తెరవాల్సిన పనుండదు. ఆ గొడవ అప్పుడూ తెగలేదు, ఇప్పుడూ తెగదు. ఎంజీఆర్ పిచ్చివాళ్లు ఎవరన్నా ఉంటే ఎం.ఎస్. విశ్వనాథన్ చేసిన రిక్షాకారన్ (1971), ఉలగం సుట్రుం వాలిబన్ (1973) సిద్ధంగా ఉంచుకోండి. కుప్పం, పలమనేరు వాళ్లయితే కన్నడ కూడా అడుగుతారు, 1972లో వచ్చిన బంగారద మనుష్య చాలు వాళ్లకి. హిందీలో బాబీ (1973), హరే రామ హరే కృష్ణ (1971), ఈ రెండిట్లో ఒక్కో పాట.

తర్వాత ఎల్.ఆర్. ఈశ్వరి. ఆమె లేకుండా ఆ కాలం గురించి మాట్లాడితే అది సగమే. ఇళ్లల్లో ఆ పాటలు గట్టిగా పెట్టనిచ్చేవాళ్లు కాదు, అందుకే అందరికీ ముక్క తప్పకుండా వచ్చు. దేవుడు చేసిన మనుషులు (1973) లోని 'మసక మసక చీకటిలో' రమేష్ నాయుడు సంగీతం. ప్రేమ్ నగర్‌లో 'లే లే లే లే నా రాజా' ఘంటసాలతో కలిసి పాడింది. ఇవి పెట్టినప్పుడు ఆడవాళ్ల ముఖాలు చూడండి. "ఛీ, ఆపు" అంటూనే పెదాలు కదులుతుంటాయి.

గొంతుల మార్పు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే 1971–74 పాటల్లో నాకు అన్నిటికన్నా పట్టు ఉన్న విషయం అదే అనిపిస్తుంది. 1971లో పెద్ద హీరో నోరు తెరిస్తే ఘంటసాల. మూడేళ్లు తిరిగేసరికి ఆ నమ్మకం లేదు. 1972లో విచిత్ర బంధంతో వి. రామకృష్ణ వచ్చాడు, గొంతు వింటే ఘంటసాలేనేమో అని తడబడేవాళ్లు. ఇటు బాలు 1967లో వచ్చిన మర్యాద రామన్న నాటి నుంచీ మెల్లగా నిలదొక్కుకుంటున్నాడు, 1971లో చెల్లెలి కాపురంలో సినారె రాసిన 'ఆడవే మయూరి' పాడాక ఇతను వేరే అని జనం ఒప్పుకున్నారు. బాలు మనవాడు అన్న మాట మన వైపు గట్టిగా వినిపిస్తుంది, అందులో అబద్ధం లేదు, శ్రీకాళహస్తిలో స్కూలు, తిరుపతి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో పీయూసీ. మీరు కూర్చోబెట్టిన పెద్దాయన ఆ కాలేజీ పాత విద్యార్థి అయితే ఆ మాట ఆయనే ఎత్తుతాడు, ఎత్తేదాకా ఊరుకోండి.

ఈ మార్పు చెవికి తెలియాలంటే పాటల్ని ఈ వరసలో పెట్టండి. ముందు కొంచెం వెనక్కి వెళ్లి ఏకవీర (1969) లో ఘంటసాల, బాలు కలిసి పాడిన 'ప్రతిరాత్రి వసంత రాత్రి'. తర్వాత ప్రేమ్ నగర్ ఘంటసాల. తర్వాత రామకృష్ణ పాట ఏదైనా, పాడిందెవరో చెప్పకుండా. ఆ తర్వాత బాలు. చివర్లో అల్లూరి సీతారామరాజులోని 'తెలుగు వీర లేవరా'. శ్రీశ్రీకి జాతీయ అవార్డు తెచ్చిన పాట, ఘంటసాల, రామకృష్ణ బృందంతో పాడారు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు, సినిమా వచ్చింది ఆ ఏడాది మే 1న. అంటే జనం హాల్లో కూర్చుని ఆ గొంతు విన్నప్పుడు ఆ మనిషి లేడు. ఈ సంగతి పాటకి ముందే చెప్పేయకండి, పాట అయ్యాక చెప్పండి, లేదా వాళ్లే చెప్తారు.

పిల్లలు కూడా కూర్చుంటే బడిపంతులు (1972) లోని 'బూచాడమ్మ బూచాడు' ఒకటి వేయండి. టెలిఫోన్ మీద పాట, తెర మీద చిన్నారి శ్రీదేవి. ఇంట్లో ఫోన్ అనేదే లేని రోజుల్లో ఆ పాట ఎలా ఉండేదో తాత చెప్తుంటే వినడం పిల్లలకీ సరదానే.

పెట్టకూడనిది ఒకటుంది, ఘంటసాల భగవద్గీత. గొప్పదే, కాదనను, కానీ మన ఊళ్లలో అది ఏ ఇంటి ముందు మోగితే అర్థమేంటో అందరికీ తెలుసు. సరదాగా కూర్చున్నప్పుడు అది పెడితే ముందు లేచేది అవ్వే. దేవుడి పాటతో మొదలు పెట్టాలనుకుంటే ఘంటసాల 'నమో వేంకటేశా' ఉంది. టూరింగ్ టాకీసుల్లో ఆ రికార్డు పడిందంటే ఆట మొదలవబోతోందని, టికెట్ కోసం పరుగెత్తాలని. మన సాయంత్రానికీ అదే గంట.

ఏ కాపీ, ఏ స్పీకరు

ఫోన్లో దొరికే పాత పాటల్లో సగం అసలువి కావు. వేరేవాళ్లు తర్వాత పాడినవి ఉంటాయి, వెనకాల కొత్తగా డప్పులు, కీబోర్డు కలిపినవి ఉంటాయి. గుర్తుపట్టడం కష్టం కాదు: పల్లవి ముందు వచ్చే వాయిద్యం మరీ శుభ్రంగా, చెవి పక్కనే కొట్టినట్టు ఉంటే అనుమానించండి. పాడినవాళ్ల పేరు లేకుండా సినిమా పేరొక్కటే ఉన్నా అనుమానించండి. సినిమాలో ఉన్న పాట, రికార్డు మీద వచ్చిన పాట ఒకే నిడివి ఉండవు చాలాసార్లు, మధ్యలో మాటలో ఒక చరణమో తేడా ఉంటుంది. రేడియోలో విన్నవాళ్లకి రికార్డుదే గుర్తుంటుంది, హాల్లో రెండుమూడుసార్లు చూసినవాళ్లకి సినిమాది. ముందే రాసుకున్న కాగితం చూసి దానికి తగ్గది పెట్టండి.

వీడియో వద్దు, కనీసం మొదటిసారి. బొమ్మ కనిపిస్తే కళ్లు దాని మీదే ఉంటాయి, హీరోయిన్ చీర గురించి మాట్లాడతారు తప్ప వాళ్ల వీధి గురించి మాట్లాడరు. పాట విని, మాట్లాడటం అయిపోయాక, అడిగితే చూపించండి.

ఆ పాటలు ఎక్కువగా మోనోలో, అంటే శబ్దమంతా ఒకే చానెల్‌లో వచ్చేట్టు, విన్నవే. పెద్ద బాస్ ఉన్న స్పీకర్ పెడితే తబలా దడదడమంటుంది, గొంతు వెనక్కిపోతుంది. ఒకే ఒక్క స్పీకర్ పెట్టండి, బాస్ తగ్గించండి, పై స్వరాలు, అంటే ట్రెబుల్, కొంచెం పెంచండి, వయసు మీదపడితే చెవికి ముందు అందకుండా పోయేవి అవే. సౌండ్ మొత్తం పెంచేస్తే వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకి బాధ. స్పీకర్‌ని వాళ్లకి ఎదురుగా, కూర్చున్నప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టండి, టీవీ వెనకాల కాదు. ఫ్యాన్ ఆపమని అనేవాణ్ణి గానీ తిరుపతిలో మే నెలలో ఆ మాట అంటే కొడతారు. డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి, వాన చినుకులు లేని సాయంత్రం మేడ మీద అయితే ఇంకా బాగుంటుంది.

అటక మీద రికార్డులు ఉంటే

కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. బట్టలో చుట్టి, ఇత్తడి సామాన్ల వెనకాల. ముందు అవి ఏ రకమో చూడండి. చిన్నవి, ఏడంగుళాలవి, 45 వేగంవి ఈపీలు, సాధారణంగా పక్కకి రెండేసి పాటలు. పన్నెండంగుళాలవి ఎల్పీలు, 33. ఇవి ప్లాస్టిక్‌వి, కాస్త వంగుతాయి. బరువుగా, వంగకుండా, పింగాణీలా పెళుసుగా ఉంటే అవి 78 వేగం లక్క రికార్డులు, అంతకు ముందు కాలానివి. ఈ తేడా ఎందుకంటే లక్క రికార్డుని స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడిస్తే పాడైపోతుంది, లక్క అందులో కరుగుతుంది. వాటి గాడి కూడా వెడల్పు, ఎల్పీ నీడిల్ వాటికి పనికిరాదు. పాత ప్లేయర్లలో నీడిల్ పట్టుకునే ముక్కని తిప్పే చిన్న మీట ఉంటుంది, ఒకవైపు 78, రెండోవైపు ఎల్పీ అని.

ప్లాస్టిక్ రికార్డులకైతే, డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, మెత్తటి బట్ట, గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. మధ్యలో లేబుల్ తడవకూడదు, దాని మీదే పాడినవాళ్ల పేర్లు ఉండేది. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి, నీడలో ఆరబెట్టండి. మన ఎండకి పెడితే గంటలో అప్పడంలా వంకర తిరుగుతాయి. దాచేటప్పుడు పుస్తకాల్లా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు.

పాత ప్లేయర్, హెచ్ఎంవీ ఫియెస్టా లాంటిది, ఇంట్లో ఉన్నా సరే నేరుగా ప్లగ్గులో పెట్టేయకండి. ఏళ్ల తరబడి ఆగిపోయినదాని వైర్లు, కెపాసిటర్లు ఒకసారి మెకానిక్‌కి చూపించాలి. టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే పాతకాలం మనిషి ఊరికొకరు ఇంకా ఉన్నారు, దేవుడి దయ. కొత్త నీడిల్ వేయించండి. అరిగిపోయిన నీడిల్‌తో ఒక్కసారి తిప్పినా గాడి చెడిపోతుంది. రికార్డులు కొనాలంటే మాత్రం మద్రాసు పోవాల్సిందే, సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ దగ్గర. అసలు మార్కెట్ 1985లో కాలిపోయింది గానీ ఆ పాత సరుకు అమ్మేవాళ్లు పక్కనే కొత్త కాంప్లెక్సులో ఉన్నారు. కొనేముందు వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి, గోరుకి తగిలే గీత ఉంటే వదిలేయండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలంటే ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. వేవ్ ఫైల్‌గా, 44.1 కిలోహెర్ట్జ్‌లో దాచండి. మోనో రికార్డుని రెండు చానెళ్లలో ఎక్కించి తర్వాత రెండూ కలిపి ఒకటి చేస్తే చిటపటలు కొంత వాటంతటవే తగ్గుతాయి. అంతకు మించి శబ్దం శుభ్రం చేసే బటన్లు నొక్కకండి, చిటపటలతో పాటు సుశీల గొంతులో మెరుపు కూడా తుడుచుకుపోతుంది. గొంతు మరీ సన్నగా, పాట పరుగెత్తినట్టు ఉంటే ప్లేయర్ వేగం తప్పిందని అర్థం.

వినిపించేటప్పుడు

తినడానికి ఏదైనా ఉడికించిన చెనిక్కాయలు, బొరుగులు లాంటివి పెట్టండి, చప్పుడు చేసే చిప్స్ వద్దు. పాట పేరు ముందు చెప్పకండి. పాట అయ్యాక వెంటనే తర్వాతది వేయకండి, ఇదొక్కటీ పాటిస్తే మిగతావన్నీ తప్పినా ఫర్వాలేదు. ఓ నిమిషం ఊరికే ఉండండి. మనకి ఆ నిమిషం ఇబ్బందిగా ఉంటుంది, ఏదో ఒకటి అడిగేయాలనిపిస్తుంది, వాళ్లకి మాత్రం అప్పుడే మాట పైకి వస్తుంటుంది.

ఎవరన్నా సినిమా పేరో సంవత్సరమో తప్పు చెప్తే సరిదిద్దకండి. ఫోన్ తీసి వెతికి "కాదు మామా, అది 73" అన్నారంటే ఆ సాయంత్రం క్విజ్ అయిపోతుంది. ఆయన చెప్పాలనుకున్నది హాలు బయట పాటల పుస్తకం కొనుక్కోవడానికి అన్నని ఎలా బతిమాలాడో. (ఆ పుస్తకాలు ఇంట్లో ఉంటే తప్పక బయటికి తీయండి. సగం కథ రాసి "మిగతా వెండితెరపై చూడండి" అని ఆపేసేవి.)

ఒక్కోసారి ఏడుస్తారు. తోడు పోయినవాళ్లు మరీను, ఏ పాటకి ఏడుస్తారో ముందు చెప్పలేం, 'పచ్చగడ్డి కోసేటి'కి కూడా ఏడ్చేవాళ్లున్నారు. పాట ఆపకండి, చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టి ఊరుకోండి. ఆపితే వాళ్లేదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

మాటల్ని ఫోన్లో రికార్డు చేయండి, కానీ అడిగి. అడక్కుండా చేసి తర్వాత బంధువుల గ్రూపులో పెడితే, ముఖ్యంగా ఎవరికి తెలీకుండా ఎవరితో సినిమాకి పోయారన్నది అందులో ఉంటే, ఇంట్లో జరిగే రెండో సినిమాకి మీదే పూచీ. ఫోన్‌ని స్పీకర్‌కి దూరంగా, వాళ్లకి దగ్గరగా, కింద తువ్వాలు మడిచి పెట్టండి. ఫైలుకి పేరు అప్పటికప్పుడే పెట్టేయండి: ఎవరు, ఏ ఊరు, ఏ పాట. ఆ పని రేపటికి వదిలేస్తే ఎప్పటికీ కాదు. ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో వేసి ఇంకో ఇంట్లో, అన్నయ్య దగ్గరో అక్క దగ్గరో ఉంచండి.

పన్నెండు పాటల్లో నాలుగే అయ్యాయనుకోండి, ఆపేయండి. పదకొండింటిదాకా లాగితే మరుసటిసారి "మోకాళ్ల నొప్పి నాయనా" అంటారు. మిగిలినవి వచ్చే నెలకి ఉంచుకుని, తమిళం వైపు వాళ్లని అప్పుడు పిలవండి.